డిలీట్ చేసిన రికార్డు మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: నమస్తే అండీ. ఒక కంపెనీ సొంతానికి వాడుకునే ఆర్డర్ల అప్లికేషన్ మీద పనిచేస్తున్నాను. జావా, స్ప్రింగ్, హైబర్నేట్ వాడుతున్నాం. ఆర్డర్ స్క్రీన్‌లో ఒక ఐటెమ్ పక్కనున్న డిలీట్ బటన్ నొక్కితే "ఐటెమ్ తొలగించబడింది" అని మెసేజ్ వస్తుంది. ఎర్రర్ ఏమీ ఉండదు. పేజీ రిఫ్రెష్ చేస్తే ఐటెమ్ అక్కడే ఉంటుంది! ఐటెమ్‌ల జాబితాకి వేరే స్క్రీన్ ఉంది, అక్కడి నుంచి అదే ఐటెమ్‌ని డిలీట్ చేస్తే మాత్రం పోతోంది. రెండు స్క్రీన్లూ పిలిచేది ఒకే డిలీట్ మెథడ్‌ని. ఇంకో సమస్య కూడా ఉంది. కొత్త ఆర్డర్ సేవ్ చేసి, అదే స్క్రీన్‌లో చిన్న మార్పు చేసి మళ్లీ సేవ్ చేస్తే రెండు ఆర్డర్లు పడుతున్నాయి. మా బేస్ క్లాస్‌లో సేవ్ అంటే అన్నిటికీ మెర్జే. మా సీనియర్ "ఇదంతా ఎందుకు, నేరుగా ఎస్‌క్యూఎల్ రాసి డిలీట్ చేసెయ్" అంటున్నారు. టీమ్ లీడ్ ఏమో "అసలు డిలీటే వద్దు, అన్ని టేబుళ్లలోనూ 'డిలీటెడ్' అని ఒక కాలమ్ పెట్టేద్దాం" అంటున్నారు. రిలీజ్ దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

— పేరు వేయవద్దన్న పాఠకురాలు

సమాధానం: ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. అసలు ఆచూకీ మీ ఉత్తరంలోనే ఉంది. ఒకే మెథడ్, ఒకే ఐటెమ్, ఒక స్క్రీన్ నుంచి పోతోంది, ఇంకో స్క్రీన్ నుంచి పోవడం లేదు. అంటే తప్పు డిలీట్ మెథడ్‌లో లేదు. ఆ మెథడ్‌ని పిలిచే ముందు ఏం జరిగిందో అందులో ఉంది.

జేపీఏ (జావా ఆబ్జెక్టుల్ని డేటాబేస్‌లో దాచే పద్ధతికి ప్రమాణం, హైబర్నేట్ దాన్ని అమలుచేసే లైబ్రరీ) వాడే అప్లికేషన్లలో రిమూవ్ అని పిలిచినంత మాత్రాన డేటాబేస్‌కి డిలీట్ వెళ్లిపోదు. హైబర్నేట్ మెమరీలో పెట్టుకునే పర్సిస్టెన్స్ కాంటెక్స్ట్ అనేది చిట్టా లాంటిది. రోజంతా చిట్టాలో రాసుకుని సాయంత్రం ఆవర్జాలోకి ఎక్కించినట్టు, హైబర్నేట్ కూడా "దీన్ని చేర్చాలి, దీన్ని మార్చాలి, దీన్ని తీసేయాలి" అని నమోదు చేసుకుంటుంది. ఫ్లష్ సమయంలో, మామూలుగా అయితే ట్రాన్సాక్షన్ కమిట్‌కి (మార్పులు డేటాబేస్‌లో ఖాయమయ్యే క్షణానికి) కాస్త ముందు, వాటిని ఎస్‌క్యూఎల్‌గా మార్చి పంపుతుంది. మీ డిలీట్ నమోదైంది. ఫ్లష్ అయ్యేలోపు దాన్ని ఎవరో కొట్టేశారు.

ఎవరంటే, ఆర్డర్. మీ ఆర్డర్ స్క్రీన్ కోడ్ దాదాపు ఇలా ఉండి ఉంటుంది: ఆర్డర్‌ని ఐడీతో తెచ్చారు, దాని ఐటెమ్‌ల లిస్టు మీద లూప్ తిప్పి నొక్కిన ఐటెమ్‌ని పట్టుకున్నారు, దాన్ని డిలీట్ మెథడ్‌కి ఇచ్చారు. ఆర్డర్‌లో ఆ లిస్టు మీద క్యాస్కేడ్ ఆల్ (ఆర్డర్‌కి చేసే ప్రతి పనీ దాని ఐటెమ్‌లకీ వర్తించాలనే సెట్టింగ్) అని ఉంటుంది, దాదాపు అందరూ అలాగే పెడతారు. ఆల్ అన్నాక అందులో పర్సిస్ట్, అంటే దాచమనే ఆజ్ఞ, కూడా ఉన్నట్టే. ఫ్లష్ వచ్చేసరికి హైబర్నేట్ ఆర్డర్‌ని చూస్తుంది, లోడ్ అయి ఉన్న లిస్టును చూస్తుంది, అందులో మీరు డిలీట్ చేసిన ఐటెమ్ ఇంకా కూర్చునే ఉంటుంది. క్యాస్కేడ్ నియమం ప్రకారం దానికి పర్సిస్ట్ వర్తిస్తుంది. రిమూవ్ అయిన ఎంటిటీ (టేబుల్‌లోని ఒక రోకి జావాలో ఉండే ఆబ్జెక్ట్) మీద పర్సిస్ట్ పిలిస్తే అది మళ్లీ మేనేజ్డ్ (హైబర్నేట్ కనిపెట్టుకుని ఉండేది) అవుతుందని జేపీఏ స్పెసిఫికేషనే చెబుతోంది. దాంతో డిలీట్ రద్దయిపోతుంది. ఎక్సెప్షన్ ఉండదు, ఎందుకంటే హైబర్నేట్ దృష్టిలో ఇది తప్పు కాదు. మీరు తీసేయమన్నారు, తర్వాత మీ ఆర్డరే ఉంచమంది, ఉంచింది.

జాబితా స్క్రీన్‌లో ఐటెమ్‌ని నేరుగా ఐడీతో తెస్తున్నారు. ఆర్డర్ కాంటెక్స్ట్‌లోకి వచ్చినా దాని లిస్టు లేజీగా (అడిగితేనే తెచ్చేలా) ఉండి లోడ్ కాదు. లోడ్ కాని లిస్టులోకి క్యాస్కేడ్ దిగదు. అందుకే అక్కడ డిలీట్ బతికి బట్టకట్టింది.

నా మాట మీద నమ్మకం పెట్టుకోకుండా మీ కళ్లతోనే చూడండి. హైబర్నేట్ ఎస్‌క్యూఎల్ లాగర్‌ని డీబగ్ స్థాయిలో పెట్టి రెండు స్క్రీన్ల నుంచీ డిలీట్ నొక్కండి. జాబితా స్క్రీన్‌కి సెలెక్ట్ తర్వాత డిలీట్ కనిపిస్తుంది. ఆర్డర్ స్క్రీన్‌కి సెలెక్టులు మాత్రమే ఉంటాయి, డిలీట్ అనే మాటే ఉండదు. హైబర్నేట్ ఈవెంట్ లాగ్‌ని ట్రేస్ దాకా తెరిస్తే "అన్-షెడ్యూలింగ్ ఎంటిటీ డిలీషన్" అనే లైన్ కూడా దొరుకుతుంది. ఇలాంటి సమస్య ఎప్పుడు వచ్చినా కోడ్ చదువుతూ తల బద్దలు కొట్టుకునే ముందు ఎస్‌క్యూఎల్ లాగ్ చూడటం అలవాటు చేసుకోండి. డిలీట్ వెళ్లిందా? వెళ్లి రోల్‌బ్యాక్ (ట్రాన్సాక్షన్ మొత్తం రద్దు) అయిందా? వెళ్లి సున్నా రోలు తగిలిందా? ఈ మూడింటికీ మందులు వేర్వేరు.

ఇప్పుడు సరిచేసే పద్ధతి. ఐటెమ్‌ని విడిగా డిలీట్ చేయడం మానేయండి. ఆర్డర్ క్లాస్‌లోనే ఐటెమ్‌ని తీసే మెథడ్ ఒకటి రాయండి. అది లిస్టులోంచి ఐటెమ్‌ని తీసేసి, ఐటెమ్‌లో ఉన్న ఆర్డర్ రిఫరెన్స్‌ని నల్ చేయాలి. ఆ మ్యాపింగ్ మీద ఆర్ఫన్ రిమూవల్ ట్రూ పెట్టండి. తల్లి ఎంటిటీ వదిలేసిన పిల్లని డేటాబేస్‌లోంచి తీసేయడమే దాని పని. 2009లో వచ్చిన జేపీఏ 2.0 నుంచీ ఇది ప్రామాణికంగా ఉంది, అంతకుముందు హైబర్నేట్‌లో సొంతంగా ఉండేది. ఇలా చేశాక రిపాజిటరీ (డేటాబేస్ పనులు చేసిపెట్టే క్లాస్) డిలీట్‌తో అవసరమే ఉండదు. లిస్టులోంచి తీస్తే చాలు.

ఇక్కడ రెండు గుంటలున్నాయి, చూసుకుని నడవండి. మొదటిది, లిస్టులోంచి తీసేటప్పుడు జావా ఈక్వల్స్ మీద ఆధారపడుతుంది. ఫారమ్ నుంచి వచ్చిన డేటాతో మీరు కొత్తగా తయారుచేసిన ఐటెమ్ ఆబ్జెక్ట్‌ని ఇచ్చి "దీన్ని తీసెయ్" అంటే, ఈక్వల్స్ రాసి ఉండకపోతే లిస్టు దాన్ని గుర్తుపట్టదు. ఫాల్స్ అని తిరిగి ఇచ్చి ఊరుకుంటుంది, ఆ ఫాల్స్‌ని ఎవరూ చూడరు. కాబట్టి ఐడీ పోల్చి తీయండి, ఏదీ తీయలేదని తేలితే మీరే ఎక్సెప్షన్ విసరండి. రెండోది, పాత లిస్టు స్థానంలో కొత్త లిస్టుని సెట్ చేయకండి. ఆర్ఫన్ రిమూవల్ ఉన్నచోట లిస్టుని మార్చేస్తే హైబర్నేట్ గోల పెడుతుంది. ఉన్న లిస్టులోనే తీయండి, ఉన్న లిస్టులోనే కలపండి.

పనిలో పనిగా ఐటెమ్ వైపు ఉన్న ఆర్డర్ మ్యాపింగ్‌ని కూడా చూడండి. అక్కడ ఎవరైనా క్యాస్కేడ్ ఆల్ పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి. ఒక ఐటెమ్ డిలీట్ చేయబోతే మొత్తం ఆర్డర్‌కే ఎసరొస్తుంది. క్యాస్కేడ్ ఎప్పుడూ తల్లి నుంచి పిల్లకే దిగాలి. మెనీ టు మెనీ సంబంధాల మీద క్యాస్కేడ్ రిమూవ్ కూడా అలాంటిదే, పదిమంది పంచుకునే రికార్డుని ఒకరి కోసం లేపేస్తుంది.

ఇక ఆ "తొలగించబడింది" మెసేజ్. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. స్క్రీన్ ముందున్న మనిషి మన మాట నమ్మి తర్వాతి పనికి వెళ్లిపోయాడు. ఆ మెసేజ్ కమిట్ అయ్యాకే రావాలి. ట్రాన్సాక్షన్ మొదలై ముగిసేది సర్వీస్ మెథడ్‌లో ఉండాలి, మెసేజ్ పెట్టేది దాని బయట, కంట్రోలర్‌లో ఉండాలి. చాలామంది సర్వీస్ లోపలే డిలీట్ చుట్టూ ట్రై-క్యాచ్ పెట్టి, ఏ ఎక్సెప్షనూ రాలేదు కాబట్టి అయిపోయిందనుకుంటారు. ఫారిన్ కీ (ఒక టేబుల్‌లోని రో ఇంకో టేబుల్‌లో నిజంగా ఉన్న రోనే చూపాలనే డేటాబేస్ నియమం) ఉల్లంఘన లాంటివి ఫ్లష్ దగ్గరే బయటపడతాయి, అప్పటికి మీ ట్రై-క్యాచ్ దాటిపోయి ఉంటుంది. ఇంకో సంగతి, స్ప్రింగ్ మామూలుగా రన్‌టైమ్ ఎక్సెప్షన్లకీ ఎర్రర్లకీ మాత్రమే రోల్‌బ్యాక్ చేస్తుంది. చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోవాలి లేదా ప్రకటించాలి అని జావా పట్టుబట్టే రకం) విసిరితే అప్పటిదాకా చేసిన సగం పని కమిట్ అయిపోతుంది. అలా వద్దనుకుంటే ట్రాన్సాక్షనల్ అనోటేషన్‌లో రోల్‌బ్యాక్ ఫర్ అని చెప్పాలి. అదే క్లాస్‌లోని ఇంకో మెథడ్ నుంచి నేరుగా పిలిస్తే మామూలు ప్రాక్సీ పద్ధతిలో (స్ప్రింగ్ క్లాస్ చుట్టూ తొడుగు వేసే పద్ధతి) ఆ అనోటేషన్ అసలు పనిచేయదని కూడా మర్చిపోకండి.

రెండు ఆర్డర్లు పడటం సంగతి. ఇక్కడ తప్పు సూటిగా మెర్జ్‌దే, అంటే దాన్ని వాడిన తీరుది. కొత్త ఎంటిటీని పర్సిస్ట్‌కి ఇస్తే ఆ ఆబ్జెక్టే మేనేజ్డ్ అవుతుంది, ఐడీ దాంట్లోకే వస్తుంది. మెర్జ్‌కి ఇస్తే అలా కాదు. మీరిచ్చిన దాన్ని కాపీ చేసుకుని, ఆ కాపీని మేనేజ్డ్ చేసి, దాన్నే తిరిగి ఇస్తుంది. మీ చేతిలో ఉన్న పాత ఆబ్జెక్ట్‌లో ఐడీ నల్‌గానే ఉంటుంది. మీ స్క్రీన్ ఆ పాతదాన్నే పట్టుకుని కూర్చుంది. రెండోసారి సేవ్ నొక్కగానే "ఐడీ లేదు, కొత్త ఆర్డర్ కాబోలు" అని ఇంకో ఇన్సర్ట్ వెళ్లింది. ఇవాళ్టికి చేయాల్సింది, మెర్జ్ తిరిగిచ్చిన ఆబ్జెక్ట్‌ని స్క్రీన్‌కి అందించడం. సర్వీస్‌లో రిటర్న్ విలువని పట్టించుకోని చోట్లు ఎన్ని ఉన్నాయో వెతకండి. ఈ బగ్ ఒక్క ఆర్డర్ స్క్రీన్‌లోనే ఉందనుకోను.

రిలీజ్ తర్వాత మాత్రం "అన్నిటికీ మెర్జే" అనే పద్ధతిని మార్చండి. కొత్తదైతే పర్సిస్ట్. ఉన్నదైతే ఐడీతో తెచ్చి, స్క్రీన్‌లో మారే ఫీల్డులు మాత్రమే సెట్ చేసి వదిలేయండి. మార్పుల్ని హైబర్నేట్ తనే కనిపెట్టి అప్‌డేట్ పంపుతుంది, సేవ్ అని పిలవాల్సిన పని కూడా లేదు. మెర్జ్‌లో ఇంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. అది ఆబ్జెక్ట్‌లో ఉన్న ప్రతి ఫీల్డునీ కాపీ చేస్తుంది. ఫారమ్‌లో లేని ఫీల్డు, ఉదాహరణకి ఆర్డర్‌ని ఎవరు ఆమోదించారు అన్నది, నల్‌గా వస్తే డేటాబేస్‌లోని విలువ మీద ఆ నల్ పడుతుంది. ఐటెమ్‌ల లిస్టు ఖాళీగా వచ్చిందనుకోండి, ఆర్ఫన్ రిమూవల్ కూడా ఉంటే ఐటెమ్‌లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. నేను పైన చెప్పినట్టు ఆర్ఫన్ రిమూవల్ పెట్టేముందు ఆర్డర్‌ని మెర్జ్ చేసే చోట్లన్నీ ఒకసారి చూసుకోండి. ఇది తప్పనిసరి.

ఇద్దరు ఒకే ఆర్డర్‌ని తెరిచి పెట్టుకునే సందర్భానికి వెర్షన్ కాలమ్ ఉండాలి. ఉంటే హైబర్నేట్ పంపే అప్‌డేట్‌లోనూ డిలీట్‌లోనూ ఐడీతో పాటు వెర్షన్‌ని కూడా షరతుగా పెడుతుంది. మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే ఏ రో తగలదు, ఆప్టిమిస్టిక్ లాక్ ఎక్సెప్షన్ వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆర్డర్‌ని కొత్తగా తెచ్చి ఫీల్డులు సెట్ చేసే పద్ధతిలో, ఫారమ్ తెరిచినప్పటి వెర్షన్‌ని ఫారమ్‌తోనే పంపి, తెచ్చిన దానితో మీరే పోల్చాలి. లేకపోతే పది నిమిషాల కిందటి పాత ఫారమ్ కూడా తాజా వెర్షన్ మీద హాయిగా సేవ్ అయిపోతుంది.

ఇంకో చిక్కు మీకు ఇప్పుడు రాకపోయినా త్వరలో రావచ్చు. ఒక ఐటెమ్‌ని రిపాజిటరీ ద్వారా డిలీట్ చేసి, అదే ట్రాన్సాక్షన్‌లో అదే ఐటెమ్ కోడ్‌తో కొత్త ఐటెమ్ పెడితే, ఒకే కోడ్ రెండుసార్లు ఉండకూడదనే యూనిక్ నిబంధన ఉన్నచోట, యూనిక్ ఎర్రర్ వస్తుంది. మీరు ముందు డిలీట్ చేశారు నిజమే, కానీ హైబర్నేట్ ఫ్లష్‌లో ఇన్సర్టులు ముందు, అప్‌డేట్లు తర్వాత, ఎంటిటీ డిలీట్లు చివర వెళతాయి. మధ్యలో ఫ్లష్ పిలిస్తే దారికొస్తుంది. అయితే చాలాసార్లు అక్కడ నిజంగా కావలసింది తీసి పెట్టడం కాదు, ఉన్న ఐటెమ్‌ని మార్చడం.

మీ సీనియర్ సలహా సంగతి. నేరుగా ఎస్‌క్యూఎల్‌తో డిలీట్ చేయడం తప్పేమీ కాదు. రాత్రిపూట లక్షల పాత రికార్డులు తీసేయాల్సిన జాబ్‌కి అదే సరైనది. ఒక్కో ఎంటిటీని తెచ్చి ఒక్కో డిలీట్ పంపడం అక్కడ వృథా. కానీ మీ ఆర్డర్ స్క్రీన్‌కి అది మందు కాదు. అలాంటి డిలీట్ పర్సిస్టెన్స్ కాంటెక్స్ట్‌ని తప్పించుకుని పోతుంది. క్యాస్కేడ్ ఉండదు, ఆర్ఫన్ రిమూవల్ ఉండదు, మీరు రాయకపోతే వెర్షన్ తనిఖీ ఉండదు, ఎంటిటీ లిజనర్లతో (ఎంటిటీ మారినప్పుడు తనంతట నడిచే కోడ్) ఆడిట్ రాస్తుంటే అదీ నడవదు. పైగా మెమరీలో ఉన్న ఆర్డర్ లిస్టులో ఆ ఐటెమ్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆయనకి ఈ కారణాలు చెప్పండి, అర్థం చేసుకుంటారు. ఎస్‌క్యూఎల్ తెలిసిన మనిషి మీ పక్కన ఉండటం అదృష్టమే, ఆయన సాయం ఫారిన్ కీల దగ్గర తీసుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీ పెడితే పిల్ల టేబుల్ వైపు ఇండెక్స్ దానంతట అది రాదు, మనమే పెట్టాలి. లేకపోతే తల్లి రికార్డు ఒక్కటి డిలీట్ చేసినా పిల్ల టేబుల్ మొత్తం వెతుకుతుంది. ఒరాకిల్‌లో అయితే ఆ ఇండెక్స్ లేకపోతే పిల్ల టేబుల్ మీద లాకే పడుతుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ మాత్రం తనే ఇండెక్స్ పెట్టుకుంటుంది.

టీమ్ లీడ్ చెప్పిన "డిలీటెడ్" కాలమ్ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది: అన్ని టేబుళ్లకీ వద్దు. ముందుగా, అది మీ బగ్‌ని సరిచేయదు, కప్పిపెడుతుంది. రెండోది, ఆ కాలమ్ పెట్టిన రోజు నుంచీ మీ ప్రతి క్వెరీ దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎంటిటీ క్వెరీలకి హైబర్నేట్ సాయం చేస్తుంది, 6.4 నుంచి సాఫ్ట్ డిలీట్ అనే అనోటేషనే ఉంది. కానీ రిపోర్టుల కోసం ఎవరో నేరుగా ఎస్‌క్యూఎల్‌లో రాసిన నేటివ్ క్వెరీలకి ఆ సంగతి తెలియదు. తీసేసిన ఐటెమ్‌లని కూడా కలిపి మొత్తం చూపిస్తాయి. యూనిక్ నిబంధనలు అడ్డం తిరుగుతాయి, తీసేసిన కోడ్‌ని మళ్లీ వాడబోతే కుదరదంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే బతికున్న రోలకే వర్తించే పార్షియల్ యూనిక్ ఇండెక్స్ పెట్టుకోవచ్చు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫిల్టర్డ్ ఇండెక్స్ ఉంది. అన్నిటికంటే విలువైన కాపలా ఫారిన్ కీ, అది చేతకానిదైపోతుంది. రో అక్కడే ఉంది కాబట్టి "తీసేసిన" కస్టమర్‌కి కొత్త ఆర్డర్ వేసినా డేటాబేస్ ఏమీ అనదు. ఇక వ్యక్తిగత సమాచారం ఉన్నచోట జెండా మార్చి డిలీట్ చేశామంటే చట్టం ఒప్పుకోకపోవచ్చు. ఐరోపా యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమలవుతున్న జీడీపీఆర్‌లో 17వ ఆర్టికల్ తన సమాచారాన్ని చెరిపేయమని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది.

కాబట్టి టేబుల్ టేబుల్‌కీ కూర్చుని, అప్లికేషన్ వాడేవాళ్లని అడగండి. "ఈ ఆర్డర్ డిలీట్ అయింది" అని వాళ్లు అనరు, "క్యాన్సిల్ అయింది" అంటారు. అయితే అది స్టేటస్. ఎవరు, ఎప్పుడు, ఎందుకు క్యాన్సిల్ చేశారో రాసుకునే కాలమ్‌లు దానికి కావాలి. బిల్లు అయిపోయిన ఐటెమ్‌ని డిలీట్ చేయనివ్వకూడదు, దానికి ఎదురు ఎంట్రీ పడాలి. ఇంకా డ్రాఫ్ట్‌లో ఉన్న ఆర్డర్‌లో పొరపాటున కొట్టిన ఐటెమ్ ఉందనుకోండి, అది నిజంగానే పోవాలి, దాన్ని దాచుకుని ఎవరికీ ఉపయోగం లేదు. పాత విలువలు ఏమిటో తెలియాలనే కోరికే టీమ్ లీడ్ మనసులో ఉంటే దానికి ఆడిట్ టేబుల్ ఉంది, హైబర్నేట్‌లో ఎన్వర్స్ ఆ పనికే ఉంది. ఆయన భయం నాకు అర్థమవుతుంది, పోయిన డేటా తిరిగి రాదు. ఆ భయానికి జవాబు ప్రతి టేబుల్‌కీ వేర్వేరుగా ఉంటుంది.

రిలీజ్ లోపు ఒక్క టెస్ట్ రాయండి. ఆర్డర్‌ని రెండు ఐటెమ్‌లతో పెట్టి, ఫ్లష్ చేసి, కాంటెక్స్ట్‌ని క్లియర్ చేయండి. మళ్లీ తెచ్చి ఒక ఐటెమ్ తీయండి. మళ్లీ ఫ్లష్, మళ్లీ క్లియర్. అప్పుడు ఆ ఐటెమ్‌ని ఐడీతో వెతకండి. ఈ ఫ్లష్, క్లియర్ రెండూ లేకపోతే ఆ టెస్ట్ ఎందుకూ కొరగాదు. రిమూవ్ చేసిన ఎంటిటీని అదే కాంటెక్స్ట్‌లో వెతికితే డేటాబేస్ దాకా వెళ్లకుండానే నల్ వస్తుంది, పైగా స్ప్రింగ్ టెస్ట్ ట్రాన్సాక్షన్ చివర్లో రోల్‌బ్యాక్ అవుతుంది కాబట్టి ఫ్లష్ అసలు జరగకపోవచ్చు. మీ ఇప్పటి కోడ్ మీద కూడా అలాంటి టెస్ట్ పచ్చగా పాసవుతుంది. ముందు పాత కోడ్ మీద ఈ టెస్ట్ నడిపి ఫెయిల్ అవడం చూడండి, ఆ తర్వాతే మ్యాపింగ్ ముట్టుకోండి.